ముందు రిజిస్ట్రేషనా, ముందు ముహూర్తమా? చట్టం దృష్టిలో పెళ్లి ఎప్పుడు అయినట్టు

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంది, అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం. ఇద్దరూ హిందువులే. తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం ఐదు నెలల తర్వాత కుదిరింది. హెచ్-4 వీసా (అమెరికాలో హెచ్ వీసా మీద ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చేది) పని త్వరగా మొదలుపెట్టాలని, ఈ నెలలో అబ్బాయి వచ్చినప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించేద్దామని మగపెళ్లివారు అంటున్నారు. "పెళ్లంటే సంస్కారం, కాగితానిదేముంది" అని మీ అన్నయ్యగారు. "చట్టానికి కాగితమే పెళ్లి, మంత్రాలు మన తృప్తి కోసం" అని వియ్యంకుడుగారు. ఎవరి మాట నిజం?

ఇద్దరి మాటా సగం నిజమే. కానీ మీరు చేయబోతున్న పని మాత్రం ఆ రెండు సగాల్లో దేనికీ చెందదు, అందుకే ప్రమాదం. ఇద్దరు హిందువులకి మన దేశంలో రెండు దారులున్నాయి. హిందూ వివాహ చట్టం, 1955 కింద తంతే పెళ్లి, రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం మాత్రమే. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద అధికారి ముందు ఇద్దరూ చెప్పే మాట, పెట్టే సంతకమే పెళ్లి, తంతుతో పని లేదు. తంతు జరగకుండా మొదటి చట్టం కింద సర్టిఫికెట్ తెచ్చుకుంటే చేతిలో కాగితం ఉంటుంది, పెళ్లి ఉండదు.

హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చాలా చిన్నది. వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరగాలి అంటుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడినప్పుడు పెళ్లి పూర్తవుతుంది, ఇద్దరికీ కట్టుబాటు అవుతుంది అంటుంది. ఇది పార్లమెంటు కొత్తగా కనిపెట్టింది కాదు. పాణిగ్రహణ మంత్రాలకి నిష్ఠ, అంటే ముగింపు, సప్తమ పదంలో అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెప్పిన మాటే చట్టంలోకి వచ్చింది. 8వ సెక్షన్ రిజిస్ట్రేషన్ గురించి. పెళ్లికి రుజువు సులువుగా దొరకడం కోసం రిజిస్టర్ చేయించవచ్చని చెప్తూ, అదే సెక్షన్ చివర్లో, రిజిస్టర్ చేయించకపోయినా పెళ్లి చెల్లుబాటుకి లోటు లేదని రాసింది. సుప్రీంకోర్టు 2006లో అన్ని మతాలవారి పెళ్లిళ్లూ తప్పనిసరిగా రిజిస్టర్ చేసే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే 2002లో దానికో చట్టం వచ్చింది. కాబట్టి రిజిస్ట్రేషన్ చేయించండి, అందులో సందేహం లేదు. కానీ జరిగిన పెళ్లినే రిజిస్టర్ చేయగలరు. జరగనిది జరిగినట్టు చేసే శక్తి సబ్ రిజిస్ట్రార్‌కి లేదు.

సరిగ్గా మీలాంటి పరిస్థితే 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. తంతు తర్వాత పెట్టుకుందామని, ముందు ఒక సంస్థ ఇచ్చిన ధ్రువపత్రంతో పెళ్లి రిజిస్టర్ చేయించుకున్న జంట అది. తంతు జరక్కముందే మనసులు విరిగాయి. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం, 7వ సెక్షన్ ప్రకారం తంతు జరగలేదు కనుక వాళ్లు భార్యాభర్తలే కాలేదని, ఆ సర్టిఫికెట్లు చెల్లవని తేల్చింది. వీసా లాంటి అవసరాల కోసం ముందుగా రిజిస్టర్ చేయించే అలవాటునీ తప్పుబట్టింది.

మీ ఇంట్లో అంతదాకా వెళ్తుందని కాదు. అన్నీ సవ్యంగా జరిగినా చిక్కులు ఉంటాయి. ఆఫీసులో నింపే ఫారంలో పెళ్లి జరిగిన తేదీ, స్థలం రాయాలి. జరగని పెళ్లికి అక్కడ అబద్ధం రాయాలి, ముగ్గురు సాక్షులు ఆ అబద్ధం కింద సంతకాలు చేయాలి. గుడి దగ్గర దండలు వేయించి తీసిన ఫొటో జతచేస్తారు. రేపు కాన్సులేట్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఆల్బంలో ఐదు నెలల తర్వాతి తేదీ, శుభలేఖలో మరో ఊరు కనిపిస్తే అమ్మాయి ఏం చెప్పాలి? ముహూర్తం లోపల సంబంధం చెడితే మరీ కష్టం. ఆ సర్టిఫికెట్ తనంతట తాను రద్దు కాదు. ఫ్యామిలీ కోర్టుకి వెళ్లి, పెళ్లి జరగలేదని డిక్లరేషన్ తెచ్చుకోవాలి. ఆ కేసు తేలేదాకా అమ్మాయి ప్రభుత్వ రికార్డుల్లో వివాహితే.

మీ ముందు నిజాయితీగల దారులు మూడున్నాయి.

మొదటిది, నేను గట్టిగా చెప్పేది, ముహూర్తం దాకా ఆగడం. ఆలస్యమవుతుందన్న భయమంతా కాగితాలు సిద్ధంగా లేకపోవడం వల్ల వచ్చేదే. వయసుకి పదో తరగతి మెమో, ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టు, శుభలేఖ, ఫొటోలు, కల్యాణ మండపం లేదా దేవస్థానం రసీదు, ముగ్గురు సాక్షుల గుర్తింపు కార్డులు పెళ్లికి ముందే ఒక ఫైల్లో పెట్టుకోండి. స్లాట్ పెళ్లయిన రెండు మూడు రోజులకి దొరికేలా చూసుకోండి. ఆలస్యం చేసేది ఎక్కువగా పేర్లే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో చివర ఉంటుంది. సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు ప్రకారం పేరు పడేలా చూడండి. ఐదు నెలల సమయం ఉంది కాబట్టి ఆధార్‌లో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

రెండోది, నిజంగానే ఇప్పుడు పెళ్లి చేసేయడం. యాదగిరిగుట్టలోనో అన్నవరంలోనో, పురోహితుడితో, మాంగల్యధారణ, సప్తపదితో చిన్నగా పెళ్లి జరిపించి, ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించండి. ఐదు నెలల తర్వాత పెద్దగా చేసేది బంధువుల కోసం చేసే వేడుక అవుతుంది. చట్టప్రకారం ఇది నూటికి నూరుపాళ్లు సరైన దారి. రెండోసారి తాళి కట్టించడం పెద్దలకి రుచించకపోవచ్చు, అది మీరు మీరు మాట్లాడుకోవాల్సిన సంగతి. అన్ని కాగితాల్లోనూ మొదటి తేదీయే ఉండాలన్నది మాత్రం మరిచిపోకండి.

మూడోది ప్రత్యేక వివాహ చట్టం. ఇక్కడ లెక్క తప్పేవాళ్లే ఎక్కువ కనుక నిదానంగా చెప్తాను. నోటీసు ఇచ్చేనాటికి ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో వరుసగా 30 రోజులు నివసించి ఉండాలి. అమ్మాయి హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి ఆ షరతు తీరుతుంది. నోటీసు ఇద్దరూ కలిసి ఇవ్వాలి. దాన్ని అధికారి పుస్తకంలో నమోదు చేసి, ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. అబ్బాయి శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసుకీ ఒక ప్రతి వెళ్తుంది. నోటీసు అంటించిన నాటి నుంచి 30 రోజులు అభ్యంతరాలకి గడువు. "మాకు ఈ సంబంధం ఇష్టం లేదు" అన్నది అభ్యంతరం కిందకి రాదు. జీవించి ఉన్న భార్య లేదా భర్త, వయసు, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం, ఇవే లెక్కలోకి వచ్చే కారణాలు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లో తేల్చాలి. గడువు ముగిశాక ఇద్దరూ, ముగ్గురు సాక్షులూ హాజరై డిక్లరేషన్ మీద సంతకాలు చేస్తారు. తర్వాత ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని అధికారి, సాక్షుల ఎదుట నోటితో చెప్పాలి. అప్పుడు పెళ్లయినట్టు. నోటీసు తేదీ నుంచి మూడు నెలల్లో ఇదంతా జరగకపోతే ఆ నోటీసు మురిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. అంటే జులై 1న నోటీసు ఇస్తే, ఆగస్టు మొదటి రోజుల నుంచి సెప్టెంబరు నెలాఖరు లోపల పెళ్లి జరిగిపోవాలి. మూడు వారాల సెలవు మీద వచ్చిన అబ్బాయి ఒక్క ప్రయాణంలో ఇది ముగించలేడు. నోటీసు రోజున అతను స్వయంగా రావాలా అన్నది మీరు వెళ్లబోయే ఆఫీసులో ముందే అడిగి, దాన్నిబట్టి టికెట్లు కొనండి.

ఈ దారిలో ఇంకో గంభీరమైన విషయం ఉంది. సంతకం పెట్టిన నిమిషం నుంచి వాళ్లు భార్యాభర్తలు. ముహూర్తం లోపల మనస్పర్థలు వస్తే అది తాంబూలాలు వెనక్కి ఇచ్చుకునే వ్యవహారం కాదు, విడాకుల కేసు. మామూలుగా పెళ్లయిన ఏడాది లోపల విడాకుల పిటిషన్ వేయడానికే వీల్లేదు. పరస్పర అంగీకారంతో అయినా ఏడాది విడిగా ఉండి ఉండాలి. "ఉత్త కాగితమే కదా" అని సంతకం పెట్టించే ముందు ఆడపెళ్లివారికి ఈ సంగతి తెలిసి తీరాలి.

మీవాళ్లది మేనరికమైతే ఈ చట్టంలో ఒక గుంట ఉంది, చాలామంది చూసుకోరు. మేనబావ-మరదలు, మేనమామ-మేనకోడలు వరసలు రెండు చట్టాల్లోనూ నిషిద్ధ బంధుత్వాల జాబితాలో ఉన్నాయి. హిందూ వివాహ చట్టం ఇద్దరి ఆచారమూ అనుమతిస్తే చాలంటుంది. తెలుగు కుటుంబాల్లో మేనరికం తరతరాలుగా ఉన్నదే కనుక అక్కడ ఇబ్బంది రాదు. ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఆచారానికి మినహాయింపు ఉంది గానీ, అక్కడ ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసినది. "మా ఇళ్లల్లో ఎప్పట్నించో ఉన్నదే" అంటే చాలదు. మేనరికం చేసుకునేవాళ్లు తంతుతో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవడమే క్షేమం.

ఇక అసలు ప్రశ్న, సంస్కారమా ఒప్పందమా. అది ఒప్పందమే అయితే కాంట్రాక్టు చట్టం సూత్రాలు దానికి పూర్తిగా వర్తించాలి. వర్తించవు. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకి చివరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. కానీ హిందూ వివాహ చట్టం వరుడికి 21, వధువుకి 18 ఏళ్లు నిండాలని చెప్తూనే, వయసు తక్కువైనంత మాత్రాన పెళ్లి దానంతటది శూన్యమని, అంటే అసలు చెల్లనిదని అనలేదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం మైనరుగా పెళ్లయినవారు మేజరయ్యాక రెండేళ్ల లోపల కోర్టుకి వెళ్లి రద్దు చేయించుకోవాలి. ఒప్పందమైతే ఇద్దరూ కూర్చుని చింపేసుకోవచ్చు. పెళ్లిని అలా చింపలేరు. ఊళ్లో పెద్దమనుషుల మధ్య స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ చేయించి "విడాకులైపోయాయి" అనుకుని మరో పెళ్లి చేసుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. ఆ కాగితానికి విలువ లేదు. రెండో పెళ్లి శూన్యం, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్షపడే నేరం. కులాచారంగా విడాకులు ఉన్నచోట చట్టం దాన్ని కాపాడింది, నిజమే. కానీ ఆ ఆచారం ఉందని చెప్పుకున్నవారే కోర్టులో రుజువు చేయాలి, అది తేలిక కాదు.

పోనీ పూర్తిగా సంస్కారమే అందామా? సంస్కారానికి రద్దు లేదు. విడాకులు చట్టం తెచ్చినవి. మద్రాసు రాష్ట్రంలో ఉన్న తెలుగు జిల్లాలకి 1949 నాటి మద్రాసు చట్టంతోనే ద్విభార్యత్వ నిషేధం, విడాకులు వచ్చాయి. 1955లో దాదాపు దేశమంతటికీ, 1976 సవరణతో పరస్పర అంగీకారపు విడాకులూ వచ్చాయి. బలవంతంగానో మోసంతోనో జరిగిన పెళ్లిని, మంత్రాలు ఎంత చక్కగా చదివినా, కోర్టు రద్దు చేయగలదు. అంటే మన చట్టంలో పెళ్లి పుట్టేది సంస్కారంగా, నడిచేదీ ముగిసేదీ శాసనంతో. కోర్టు తీర్పుల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపించేది అందుకే.

తంతు లోపల కూడా ప్రమాణం లేకపోలేదు. కన్యాదాత "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని ఒక్కొక్కటే చెప్పి ఈమెని అతిక్రమించకూడదంటే, వరుడు "నాతిచరామి" అని మాట ఇస్తాడు. ఏడో అడుగు దగ్గర "సఖా సప్తపదా భవ" అంటాడు. అగ్నిసాక్షిగా ఇచ్చిన మాట అది. పురోహితుడిని ఆ రెండుచోట్లా ఆగి తెలుగులో అర్థం చెప్పమనండి. దంపతులకి తాము ఏం ఒప్పుకున్నారో తెలియడం, ఏ చట్టం కింద పెళ్లయినా, అన్నిటికన్నా ముఖ్యం.

తంతులో ఏది ఉండాలి? మన తెలుగునాట చాలామంది జీలకర్ర-బెల్లం పెట్టిన క్షణమే సుముహూర్తం, అదే పెళ్లి అనుకుంటారు. ఆడవాళ్లని అడిగితే తాళి పడినప్పుడు అంటారు. హోమం, సప్తపది లేకుండా పెళ్లి చేసే కుటుంబాలూ ఉన్నాయి. చట్టం వాళ్ల ఆచారాన్నీ గౌరవిస్తుంది, సప్తపది "ఆచారంలో ఉంటే" అనే కదా అంది. మీ ఇంట్లో సప్తపది ఉంటే మాత్రం దాన్ని తొందరలో దాటేయనివ్వకండి. తలంబ్రాలు అయ్యేసరికి చుట్టాలు భోజనాలకి లేస్తారు, ఫొటోగ్రాఫర్లు అటు వెళ్తారు, ఏడడుగులు ఎవరూ తీయరు. కోర్టు అడిగేది ఆ ఫొటోనే. ముఖ్యంగా రెండో పెళ్లి కేసుల్లో క్రిమినల్ కోర్టుకి కచ్చితమైన రుజువు కావాలి. తగిన తంతు జరిగినట్టు తేలకపోతే ద్విభార్యత్వ నేరం నిలవదని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. మోసపోయిన భార్యలు ఆ ఒక్క కారణానికి కేసులు ఓడిపోవడం నిజంగా బాధాకరం. భరణం కేసుల్లో అంత గట్టి రుజువు అడగరు, ఏళ్ల తరబడి భార్యాభర్తలుగా బతికినవారిని దంపతులుగానే భావించే ఊహ కూడా చట్టంలో ఉంది.

తేదీ గురించి ఒక జాగ్రత్త. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక ఎక్కువ. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, కాబట్టి శుభలేఖలో "శుక్రవారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే శనివారం" అని వేస్తారు. ఇంగ్లిషు తేదీ అప్పటికే శనివారానిది. ఫారంలో శుక్రవారం తేదీ రాసి, తర్వాత వీసా దరఖాస్తులో శనివారం రాసేవాళ్లున్నారు. శుభలేఖ అచ్చుకి ఇచ్చేటప్పుడే ఇంగ్లిషు తేదీ సరిచూడండి. ముహూర్తం రాత్రి 11.50కి ఉండి సప్తపది పన్నెండు దాటాక జరిగితే, ఏడో అడుగు పడిన తేదీ రాయడం సబబు.

తాళి, మంత్రాలు వద్దనుకుని సభలో దండలు మార్చుకునే ఆదర్శ వివాహాల సంగతీ అడిగారు. తమిళనాడులో 1967 సవరణతో హిందూ వివాహ చట్టంలో 7-ఎ సెక్షన్ తెచ్చి అలాంటి పెళ్లిళ్లకి చెల్లుబాటు ఇచ్చారు. ఆ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వర్తించదు. ఇక్కడ దండల పెళ్లి చేసుకునేవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం కిందే ముగించుకోవాలి. అంత మంచి ఉద్దేశంతో చేసుకున్న పెళ్లి రేపు కోర్టులో నిలవకపోతే నష్టపోయేది ఎక్కువగా అమ్మాయే.

మతాంతర వివాహాల్లో తప్పు ఇంకా ఖరీదైనది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, క్రైస్తవ వరుడు, హిందూ వధువు గుడిలో తాళి కట్టుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది కనుక ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాల్లో హిందువుగా ఉంటూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఎందరో. అలాంటివారు లాయరు దగ్గర ఆ సంగతి దాచకండి. వాళ్లకి చర్చిలో 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి కుదురుతుంది, ఒకరు క్రైస్తవులైనా చాలు. లేదా ప్రత్యేక వివాహ చట్టం. ఆ రెండో దారిలో వారసత్వం భారతీయ వారసత్వ చట్టం కిందకి మారుతుంది, హిందూ ఉమ్మడి కుటుంబంలో ఉన్నవారు దాన్నుంచి వేరుపడినట్టు లెక్క. ఇద్దరూ హిందువులైతే 1976 సవరణ వల్ల ఈ రెండూ వర్తించవు, మీకు ఆ భయం లేదు. ముస్లింల నికాహ్ సంగతి వేరు. ప్రతిపాదన, అంగీకారం, మెహర్ (వరుడు వధువుకి ఇచ్చే సొమ్ము), సాక్షులతో అది సూటిగా ఒప్పందం రూపంలోనే ఉంటుంది.

ఒకవేళ పెళ్లి డల్లాస్‌లోనే చేద్దామనుకుంటే, అక్కడ క్రమం తిరగబడుతుంది. టెక్సాస్‌లో ముందుగా కౌంటీ క్లర్కు దగ్గర మ్యారేజ్ లైసెన్సు తీసుకోవాలి. మామూలుగా 72 గంటలు ఆగాక పెళ్లి జరగాలి, లైసెన్సు 90 రోజులు పనిచేస్తుంది. గుడిలో మన పద్ధతిలోనే పెళ్లి చేసి, పురోహితుడు ఆ లైసెన్సు మీద సంతకం చేసి 30 రోజుల్లో కౌంటీకి తిప్పి పంపాలి. అమ్మాయి వీసా మీద అక్కడికి వెళ్లి పెళ్లాడటం మరో పెద్ద చర్చ, ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగకుండా ఆ ఆలోచన చేయకండి.

వియ్యంకుడుగారితో మాట్లాడేటప్పుడు చట్టాల పేర్లు ముందు పెట్టకండి. ఫారంలోని "పెళ్లి జరిగిన తేదీ, స్థలం" అన్న గడి చూపించి, అక్కడ ఏం రాద్దామని అడగండి. ఆయన నిజమైన తేదీ చెప్పగలిగితే రిజిస్టర్ చేయించండి. చెప్పలేకపోతే ముహూర్తం దాకా ఆ ఫారం ఫైల్లోనే ఉంచండి.